సర్టిఫికెట్ వచ్చింది, పని రాలేదు

ఉద్యోగుల శిక్షణ అనగానే మన ఆఫీసుల్లో గుర్తొచ్చేది ఒక లింకు, ఒక గడువు తేదీ. వీడియో చూడాలి, పది ప్రశ్నలకు టిక్కులు పెట్టాలి, సర్టిఫికెట్ తీసుకోవాలి. మా టీముకు అలాంటి శిక్షణ ఏర్పాటు చేసినవాణ్ణి నేనే. అది ఎక్కడ దెబ్బతిందో, తర్వాత ఏం మార్చామో ఈ నెల చెబుతాను.

మా టీములో కొందరం కాలిఫోర్నియాలో, మిగతావారు హైదరాబాదులో ఉంటాం. డేటాబేసు బ్యాకప్, రికవరీల మీద ఆరు గంటల ఆన్‌లైన్ పాఠం పెట్టాను. నెల తిరక్కుండా అందరూ పూర్తి చేశారు. నూటికి నూరు శాతం అన్న రిపోర్టును మేనేజరుకు చూపించి మురిసిపోయాను.

రెండు నెలల తర్వాత ఒక శనివారం రాత్రి డేటాబేసు పడిపోయింది. హైదరాబాదులో అప్పుడు ఆదివారం పొద్దున. డ్యూటీలో ఉన్నది కొత్తగా చేరిన కుర్రవాడు. ముందు ఫుల్ బ్యాకప్ ఎక్కించాలి, తర్వాత లాగ్ బ్యాకప్‌లను వరుసగా వేయాలి, అన్నీ అయ్యాకే డేటాబేసును తెరవాలి. అతను కంగారులో ఫుల్ బ్యాకప్ కాగానే తెరిచేశాడు. మేము వాడే డేటాబేసులో ఒకసారి తెరిచాక ఇక లాగులు ఎక్కవు. మళ్ళీ మొదటినుంచి చేయాల్సిందే. గంట పని నాలుగు గంటలు పట్టింది.

"పాఠంలో చూశానండీ. ఆ సమయానికి గుర్తుకు రాలేదు" అన్నాడు. సోమవారం మీటింగులో తప్పంతా అతని మీదకే పోయేలా ఉంది. అతనికి ఆ పాఠంలో 90 మార్కులు వచ్చాయి. తప్పు నా శిక్షణదని ఒప్పుకున్నాను.

ఎందుకిలా జరుగుతుంది? నేర్చుకున్నది మొదట్లోనే వేగంగా మరిచిపోతామని జర్మనీకి చెందిన ఎబ్బింగ్‌హాస్ 1885లోనే చూపించాడు. రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో ప్రచురించిన ప్రయోగం ఇంకా ఆసక్తికరం. 5 నిమిషాల తర్వాత పరీక్షిస్తే, పాఠాన్ని మళ్ళీ చదివినవారు ముందున్నారు. వారం తర్వాత పరీక్షిస్తే, పుస్తకం మూసి గుర్తు తెచ్చుకుని రాసినవారు ముందున్నారు. నా ప్రశ్నలు వీడియో అయిపోయిన వెంటనే వచ్చేవి. అంటే నేను కొలిచింది 5 నిమిషాల జ్ఞాపకాన్నే!

అలాగని ఆన్‌లైన్ చదువును తీసిపారేయనక్కర్లేదు. అమెరికా విద్యాశాఖ 2009లో పలు అధ్యయనాలను కలిపి చూస్తే, తరగతి ఒక్కటే ఉన్నదానికన్నా తరగతినీ ఆన్‌లైన్‌నూ కలిపినచోట ఫలితాలు మెరుగ్గా కనిపించాయి. అయితే అలాంటిచోట్ల నేర్చుకునేవారికి అదనపు సమయం, సామగ్రి కూడా దొరికాయని ఆ నివేదికే హెచ్చరించింది. కాబట్టి ఏ పనికి ఏది వాడుతున్నామన్నదే ముఖ్యం.

మేము చేసిన మార్పులు ఇవి:

1. చెబితే సరిపోయేదంతా ఆన్‌లైన్‌లో పెట్టాం, పది నిమిషాల ముక్కలుగా. ఎవరి వీలునుబట్టి వారు చూస్తారు.

2. అందరూ కలిసే సమయం చేయడానికే. రెండు వారాలకోసారి, మాకు రాత్రి, వాళ్ళకు ఉదయం, ప్రాక్టీసు సర్వర్లో డేటాబేసును కావాలనే పాడుచేస్తాం. ఒక్కొక్కరూ స్వయంగా బాగుచేయాలి. పక్కన ఒక సీనియర్ ఉంటారు.

3. ప్రశ్నలు ఆలస్యంగా వస్తాయి: మూడు రోజులకు, రెండు వారాలకు, రెండు నెలలకు. టిక్కులు లేవు, జవాబు రాయాలి.

4. పూర్తి చేసినవారి శాతం లెక్కపెట్టడం మానేశాం. ఎవరి సాయమూ లేకుండా ఎన్ని నిమిషాల్లో డేటాబేసును నిలబెట్టారన్నదే లెక్క.

"ఇన్ని గంటలు ఖర్చా?" అని మేనేజరు అడిగారు. ఆ శనివారం రాత్రి గంటలు చూపించాను. నిజమే, అన్నిటికీ ఇంత అక్కర్లేదు. సెలవు దరఖాస్తు ఎలా నింపాలో చెప్పడానికి వీడియో చాలు. తప్పు చేస్తే నష్టం జరిగే పనులకే ఈ శ్రమ.

ఇప్పుడు ప్రాక్టీసులో డేటాబేసును పాడుచేసే బాధ్యత ఆ కుర్రవాడిదే. కొత్తవాళ్ళు లాగులు వేయకముందే తెరవబోతే పక్కనుంచి ఆపేదీ అతనే.

మీ టీములో కూడా ఒక పని ఎంచుకోండి. సర్టిఫికెట్ ఉన్నవారిని "ఒకసారి చేసి చూపిస్తారా?" అని అడగండి. ఆ జవాబును బట్టి మీ శిక్షణలో ఏది ఆన్‌లైన్‌లో ఉండాలో, ఏది పక్కన కూర్చుని నేర్పాలో తెలుస్తుంది. వచ్చే నెల మరో అంశంతో కలుద్దాం.