శ్రీరాముని రెండు ప్రయాణములు : ముహూర్త విచారము

శ్రీమద్రామాయణమున శ్రీరామచంద్రుడు చేసిన రెండు ప్రయాణములను పక్కపక్కన పెట్టి చూచినచో, ముహూర్తమును గూర్చి గృహస్థులు తెలిసికొనవలసిన దానిలో పెద్దభాగము తెలియును. అయోధ్యను విడిచి అడవికి వెళ్లినది ఒకటి. వానరసేనతో లంకవైపు కదలినది రెండవది. మొదటిదానికి ఆయన ముహూర్తము చూడలేదు. రెండవదానికి చూచెను. చూచుటయే కాదు, నక్షత్రమును వేళను సుగ్రీవునకు చెప్పి మరీ బయలుదేరెను. ధర్మమూర్తి ఒకచోట పాటించి మరొకచోట పాటింపకుండుటకు హేతువేమి?

మెదక్ పట్టణమున నావంటి పాతకాలపు పండితుని యొద్దకు వచ్చువారు అడుగు ముహూర్తములు నానావిధములు. వివాహము, ఉపనయనము, గృహప్రవేశము, అక్షరాభ్యాసము ఎప్పుడును ఉన్నవే. దుకాణము తెరచుటకు, బోరు వేయించుటకు, క్రొత్త ట్రాక్టరును ఇంటికి తెచ్చుటకు అడుగువారును కలరు. అందులో తప్పేమియు లేదు. కాని కొన్నేండ్లుగా మరియొక ప్రశ్న వినవచ్చుచున్నది. "అయ్యగారూ, ఆపరేషన్‌కు మంచి లగ్నం జూసి చెప్పుండ్రి, పిలగాడు ఆ టైముకే పుట్టాలె" అని. ఈ వ్యాసమునకు ఆ ప్రశ్నయే కారణము. సమాధానము చెప్పుటకు ముందు ముహూర్తమన నేమో, దానిని ఎట్లు చూతురో కొంత తెలియవలెను.

ముహూర్తమనునది మొదట కాలపు కొలత. రెండు ఘడియలు, అనగా 48 నిమిషములు, ఒక ముహూర్తము. పగటికి 15, రాత్రికి 15, వెరసి అహోరాత్రమునకు 30. ఆ కొలతమాటయే క్రమముగా "మంచివేళ" అను అర్థమునకు వచ్చినది. వేళ యొక్క మంచిచెడ్డలను పంచాంగముతో తూచుదురు. చంద్రుడు సూర్యుని విడిచి 12 డిగ్రీలు జరిగిన ఒక తిథి. అందు సగము కరణము. చంద్రుడు 13 డిగ్రీల 20 నిమిషముల వీథిని దాటిన ఒక నక్షత్రము. సూర్యచంద్రుల స్ఫుటములను కూడిన యోగము. సూర్యోదయము నుండి సూర్యోదయము వరకు వారము. ఇవి ఐదును అందరికిని సమానమే. కర్తను బట్టి మారునవి తారాబలము, చంద్రబలము. వీనిలో తారాబలమును ప్రతి గృహస్థుడు తానే చూచుకొనవచ్చును. జన్మనక్షత్రము మొదలుకొని ఆనాటి నక్షత్రము వరకు లెక్కించి, తొమ్మిదికి మించినచో తొమ్మిదేసి తీసివేయవలెను. మిగిలిన సంఖ్యను బట్టి జన్మ, సంపత్, విపత్, క్షేమ, ప్రత్యక్, సాధన, నైధన, మిత్ర, పరమమిత్ర తారలు. మూడు, ఐదు, ఏడు విడువదగినవి.

ఇప్పుడు శ్రీరాముని కథకు రండు. ఆయన జన్మనక్షత్రము పునర్వసు. దశరథుడు పట్టాభిషేకమునకు చైత్రమాసమున పుష్యమి నక్షత్రమును నిర్ణయించెను. పునర్వసుకు పుష్యమి రెండవది, సంపత్తార. రాజ్యలక్ష్మిని పొందుటకు ఇంతకంటె తగిన తార లేదు. ఏర్పాట్లు చేసినవాడు వసిష్ఠుడు. అయినను అభిషేకము జరుగలేదు. "వసిష్ఠుడున్న చోటనే ముహూర్తము నిలువలేదు గదా, ఇక మనకేల?" అని ఆక్షేపించువారు కలరు. వారు అయోధ్యాకాండను మరల చదువవలెను. దశరథుడు రాముని పిలిచి తన నక్షత్రమును సూర్య కుజ రాహువులు పీడించుచున్నారని, దుస్స్వప్నములు కలుగుచున్నవని, తన మనస్సు మారకమునుపే, భరతుడు ఊర లేనప్పుడే ఇది కావలెనని చెప్పెను. ఆ తొందర, ఆ దాపరికము, ఎన్నడో ఇచ్చి మరచిన వరములు, ఇవన్నియు పుష్యమికి బాహ్యములు. చేయు పనిలోని దోషమును నక్షత్రము కడుగదు. ఇల్లు కట్టువాడు పునాదిలో ఇసుక పోసి, శంకుస్థాపన ముహూర్తమును నిందించిన నేమి న్యాయము?

ఆ పుష్యమినాడే శ్రీరాముడు అడవికి బయలుదేరెను. కైకేయి ఆనాడే పొమ్మన్నది. తండ్రిమాట నిలుపుట అప్పటికప్పుడు వచ్చిపడిన ధర్మము. దానికి వర్జ్యములేదు, దుర్ముహూర్తము లేదు. శాస్త్రపరిభాషలో చెప్పవలెనన్న, మనము తలపెట్టి మనకు వీలైన కాలమున చేయు శుభకార్యములకు ముహూర్తము చూడవలెను. నిమిత్తము వచ్చినప్పుడు చేయవలసిన పనికి ఆ నిమిత్తమే కాలము. గ్రహణము పట్టినప్పుడు స్నానమునకు మంచిరోజు వెదకము గదా!

లంకాప్రయాణము మొదటి జాతిది. ఎప్పుడు బయలుదేరవలెనన్నది రాముని చేతిలో నున్నది. హనుమంతుడు సీతజాడ తెచ్చిన పిదప, సూర్యుడు నడినెత్తికి వచ్చినాడు, ఇది విజయముహూర్తము, నేడు ఉత్తరఫల్గుని, రేపు చంద్రుడు హస్తతో కూడును, కావున ఇప్పుడే కదలుదమని ఆయన పలికెను. పునర్వసు నుండి లెక్కింపుడు: పునర్వసు, పుష్యమి, ఆశ్లేష, మఖ, పుబ్బ, ఉత్తర. ఆరవది సాధనతార. మరునాటి హస్త ఏడవది, నైధనతార. ఒక దినము ఆగిన వచ్చు లోపమేమో ఆ మాటలోనే ఇమిడియున్నది. మధ్యాహ్నపు ఆ వేళను పెద్దలు అభిజిత్తుగా వ్యాఖ్యానించిరి. అభిజిత్తున దక్షిణదిక్కునకు ప్రయాణము కూడదని ముహూర్తగ్రంథములు చెప్పుచుండగా, రాముడు వెళ్లినది దక్షిణమునకే గదా అని విద్యార్థులు అడుగుట పాఠశాలలో పరిపాటి. నిర్దోషమైన కాలము దొరకదు, గుణములు ఎక్కువగా నున్నదానిని గ్రహింపవలెనని శాస్త్రకారులే చెప్పినారు. తారాబలమును విడిచి దిక్కును పట్టుకొని కూర్చుండుట వివేకము కాదు.

అభిజిత్తు మాట వచ్చినది కావున దానిని గూర్చి కొంత విపులముగా చెప్పవలసియున్నది. ఏమియు తోచనప్పుడు "పన్నెండు గంటలకు అభిజిల్లగ్నము పెట్టుడు" అనుట వాడుకయైనది. పగటిని 15 భాగములు చేసిన ఎనిమిదవది అభిజిత్తు. దాని నడుమ సూర్యుడు మన నెత్తిపై నుండవలెను, గడియారపు ముల్లు పన్నెండుపై నున్న చాలదు. భారతదేశపు గడియారము 82 డిగ్రీల 30 నిమిషముల తూర్పు రేఖాంశమునకు నడచుచున్నది. మెదక్ ఇంచుమించు 78 డిగ్రీల 16 నిమిషముల మీద నున్నది. డిగ్రీకి నాలుగు నిమిషముల వంతున మనకు సూర్యుడు 17 నిమిషములు ఆలస్యము. ఇదిగాక సూర్యుని నడకలోని హెచ్చుతగ్గుల వలన ఫిబ్రవరి నడుమ మరి 14 నిమిషములు ఆలస్యమగును, నవంబరు మొదట 16 నిమిషములు ముందగును. కావున మెదక్‌లో నిజమైన మధ్యాహ్నము ఫిబ్రవరిలో 12 గంటల 31 నిమిషములకు, నవంబరు మొదట 12 గంటలు దాటగనే వచ్చును. అభిజిత్తు నిడివియు ఒక్కటి కాదు. పెద్దపగలున్న జూన్‌లో 52 నిమిషములు, డిసెంబరులో 44 నిమిషములు మాత్రమే. మాఘమాసపు పెండ్లికి 11 గంటల 40 నిమిషములకు "అభిజిత్తు" అని పత్రికలో అచ్చువేయించిన వారు అభిజిత్తు రాకముందే తాళి కట్టించుచున్నారన్న మాట.

సరిగా చూచిన దానికి ఉదాహరణము మనకు చేరువనే కలదు. యాదగిరిగుట్ట శ్రీలక్ష్మీనరసింహస్వామి దేవాలయము పునర్నిర్మాణానంతరము 2022వ సంవత్సరము మార్చి 28వ తేదీ, సోమవారము, ఫాల్గుణ బహుళ ఏకాదశినాడు మహాకుంభ సంప్రోక్షణమును జరుపుకొన్నది. ముహూర్తము 11 గంటల 55 నిమిషములకు, మిథునలగ్నము. ఆనాటి నక్షత్రము విష్ణుదైవత్యమైన శ్రవణము. యాదగిరిగుట్టకు రేఖాంశాంతరము 14 నిమిషములు, ఆ దినమున సూర్యుని వెనుకబాటు 5 నిమిషములు. మధ్యాహ్నము 12 గంటల 19 నిమిషములు. దానినుండి అభిజిత్తులో సగము తీసివేసి చూడుడు, 11 గంటల 55 నిమిషములే వచ్చును. లెక్క తెలిసి పెట్టిన ముహూర్తము ఇట్లుండును.

గృహస్థులు ఇంకొకటి గమనింపవలెను. తిథి నక్షత్రముల అంత్యకాలములు దేశమంతట ఒకే గడియారపు వేళకు వచ్చును. వర్జ్యము నక్షత్రమును బట్టి వచ్చునది కావున అదియు మారదు. కాని లగ్నము, దుర్ముహూర్తము, రాహుకాలము సూర్యోదయమును బట్టి వచ్చును గనుక ఊరూరికి మారును. రాజమహేంద్రవరమునకు మెదక్‌కు ఇంచుమించు 14 నిమిషముల భేదము కలదు. లగ్నములో ఒక నవాంశ సుమారు 13 నిమిషములు. గోదావరితీరపు పంచాంగములోని లగ్నాంత్యమును దిద్దకుండ ఇక్కడ వాడినచో ఒక నవాంశ మొత్తము తప్పిపోవును. శుభాంశ అనుకొని పాపాంశలో జీలకర్ర బెల్లము పెట్టింతురు. అదియు పురోహితుడు చెప్పిన వేళకు పెట్టిన గదా! ఫంక్షను హాలులో ఫోటోలవారు "ఒక్క నిమిషము" అనుచు అరగంట గడపుచుండగా, ముహూర్తమునకై నెలలు తిరిగిన తండ్రి ఒక మాట అనడు. తిరిగిన శ్రమ యంతయు అక్కడ వృథా.

భద్రాచలమున సీతారామకల్యాణము చైత్రశుద్ధ నవమినాడు జరుగును. నవమి రిక్తతిథి, మన ఇండ్ల పెండ్లిండ్లకు గ్రహింపరు. అది స్వామి అవతరించిన దినము కావున ఆయనకు ఉత్సవము. దానిని చూపి తమ పిల్లలకు నవమి అడుగరాదు.

ఇక లంకావృత్తాంతములోనే మరియొక ఘట్టమున్నది. విభీషణుడు శరణువేడి వచ్చినప్పుడు, వీడు తగని చోట, తగని కాలమున వచ్చినాడని జాంబవంతుడు శంకించెను. హనుమంతుడు దానిని ఖండించి, ఇదియే తగిన దేశము, ఇదియే తగిన కాలము అని వాదించెను. శ్రీరాముడు అభయమొసగెను. ప్రయాణమునకు ఉత్తరఫల్గునిని చూచిన ప్రభువే శరణాగతికి ఏ తారను అడుగలేదు. ప్రపత్తికి దేశనియమము, కాలనియమము లేవని పిళ్లైలోకాచార్యులవారు శ్రీవచనభూషణమున విధించినది ఇందుకే. సమాశ్రయణమునకు మంచి మాసము రావలెనని ఏండ్ల తరబడి వాయిదా వేయు ఇండ్లవారు ఈ ఘట్టమును పారాయణము చేయుదురు గాక.

ఇప్పుడు ఆ మొదటి ప్రశ్న. కాన్పునకు ముహూర్తము పెట్టవచ్చునా? గర్భాధాన పుంసవన సీమంతములకు కాలము చూడుమన్న శాస్త్రము ప్రసవమునకు చూడుమనలేదు. జననము సంస్కారము కాదు, నిమిత్తము. అది జరిగిన పిదప చేయు జాతకర్మ సంస్కారము. దానికైనను ఆ క్షణమే కాలము, రాత్రియైనను తండ్రి వెంటనే స్నానము చేయవలెను. ఇక మంచి లగ్నమున పుట్టించిన మంచి జాతకము వచ్చుననుట జాతకశాస్త్రమును తలక్రిందులు చేయుట. పూర్వకర్మఫలమును జాతకము చీకటిలోని వస్తువులను దీపము చూపినట్లు చూపునని వరాహమిహిరుడు లఘుజాతకమున చెప్పెను. దీపమును జరిపినంత మాత్రమున గదిలోని వస్తువులు మారవు.

2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము తెలంగాణలో నూటికి 60.7 కాన్పులు శస్త్రచికిత్సతోనే జరిగినవి. దేశమున అది నూటికి 21.5. ఇవన్నియు ముహూర్తములకొరకు జరిగినవని నేననను. కాని వానిలో కొన్నింటికైనను మావంటి వారు వ్రాసియిచ్చిన చీటీ కారణమైనప్పుడు మేము ఊరకుండరాదు. నెలలు పూర్తిగా నిండక, 39 వారములకు ముందే నిష్కారణముగా బిడ్డను తీసినచో ఊపిరి పీల్చుట కష్టమగునని వైద్యులు చెప్పుచున్నారు. తల్లి కడుపునకు కోతయు, తరువాతి కాన్పులకు చిక్కులును వేరు. ఇంకను ఘోరమైనది, తల్లికో బిడ్డకో ప్రమాదమని వైద్యురాలు తొందరపెట్టుచుండగా "అమృతఘడియలు రానిండు" అని ఆపుట. ఆపద్ధర్మమున కాలవిచారము చేయువాడు శాస్త్రజ్ఞుడు కాడు. వైద్యులే శస్త్రచికిత్స తప్పదని నిశ్చయించి, ఫలానా వారములో ఏ దినమైనను సరే అన్నప్పుడు, ఇంటివారి మనశ్శాంతికి ఒక దినమును కోరుకొన్న నేను కాదనను. దినమును మాత్రమే; వైద్యురాలి చేతికి గడియారము కట్టుటకు నాకు అధికారము లేదు. ఆ చీటీని నేను వ్రాయను.

శిశువు పుట్టిన పిదప చేయవలసినది కలదు. పుట్టిన వేళను ఆసుపత్రి గోడగడియారమును నమ్మక సెల్‌ఫోనులో చూచి, గంటలు నిమిషములతో వ్రాసికొనవలెను. తేదీతోపాటు ఊరిపేరు వ్రాయవలెను; కోడలు కాన్పునకు పుట్టింటికి వెళ్లినచో ఆ పుట్టింటి ఊరు, మెదక్ కాదు. అర్ధరాత్రి దాటి పుట్టినచో ఏ రాత్రియో స్పష్టముగా వ్రాయవలెను, మనకు వారము సూర్యోదయముతో మారును గదా. పదునొకండవ నాడో పండ్రెండవ నాడో నామకరణము చేయువారికి వేరే ముహూర్తము అక్కరలేదు. ఆ దినములు దాటిపోయి ఇరువదియొకటవనాడు గాని, ఆపైన గాని చేయువారు ఆ చీటీతో సిద్ధాంతిగారి యొద్దకు వెళ్లవచ్చును.