దారిలో ఆగిపోయిన ముసాఫిర్

2024 సెప్టెంబర్ 1న భారీ వర్షాలకు మహబూబాబాద్ జిల్లాలో కేసముద్రం, ఇంటికన్నె మధ్య రైలు పట్టాల కింది మట్టి కొట్టుకుపోయింది. కాజీపేట-విజయవాడ మార్గంలో వెళ్ళవలసిన రైళ్ళు కొన్ని రద్దయ్యాయి, కొన్నిటిని దారి మళ్ళించారు. ఇలాంటి రోజున ఢిల్లీ నుంచి గుంటూరులోని తమ ఇంటికి బయలుదేరిన ఒక కుటుంబం నాగ్‌పూర్‌లో దిగవలసి వచ్చిందనుకోండి. ఎరుగని ఊరు. ఎప్పుడు కదులుతారంటే "రేపు చెబుతాం" అన్న జవాబు. స్టేషన్ దగ్గర లాడ్జిలో గది తీసుకున్నారు. జుహర్ వేళయింది. తండ్రి "ఊళ్ళో దిగాం, గది తీసుకున్నాం, ఇక నాలుగు రకాతులు చదవాల్సిందే" అంటాడు. కొడుకు "లేదు అబ్బా, రెండే" అంటాడు. ఎవరి మాట సరైనది?

కొడుకు మాటే సరైనది. రైలు దిగినంత మాత్రాన ప్రయాణం ముగియదు. ముసాఫిర్ స్థితి అతని సంకల్పం (నియ్యత్) మీద ఆధారపడి ఉంటుంది. హనఫీ ధర్మశాస్త్రం ప్రకారం 48 మైళ్ళు, అంటే సుమారు 77-78 కిలోమీటర్ల ప్రయాణానికి బయలుదేరి తన ఊరి పొలిమేర దాటినవాడు ముసాఫిర్. ఏదైనా ఒక ఊళ్ళో 15 రోజులు లేక అంతకన్నా ఎక్కువ ఉండాలని నిశ్చయించుకునే వరకు అతను ముసాఫిర్‌గానే ఉంటాడు. "రేపు వెళ్తాం, ఎల్లుండి వెళ్తాం" అనుకుంటూ ఇరవై రోజులు గడిచిపోయినా ఆ లెక్క మారదు. షాఫయీ తదితర ఇమాముల వద్ద ఈ గడువు సుమారు నాలుగు రోజులు. అయితే ఎప్పుడు బయటపడతామో తెలియక చిక్కుకున్న వాని విషయంలో వారు కూడా మరికొంత వెసులుబాటు ఇచ్చారు.

దీనికి ఆధారాలున్నాయి. మక్కా విజయ సందర్భంలో దైవప్రవక్త (స) 19 రోజులు అక్కడున్నారనీ, ఆ రోజులన్నీ ఖస్ర్ చేశారనీ హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) తెలిపారు. తబూక్‌లో 20 రోజులున్నట్లు హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖనం ఉంది. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి) అజర్‌బైజాన్‌లో మంచు వల్ల ఆరు నెలలు ఆగిపోయి, ఆ కాలమంతా రెండేసి రకాతులే చదివారని కూడా ఉల్లేఖించబడింది. మంచు దారి మూసేసింది, ఎప్పుడు కరుగుతుందో ఆయనకు తెలియదు. మన కుటుంబానికి వరద దారి మూసింది. తేడా ఏముంది?

మనలో చాలామందికి రెండు చదివితే ఏదో తక్కువ చేసినట్లు మనసులో గుబులు. ఆ గుబులు కొత్తది కాదు. సూరా నిసా 101వ ఆయతులో శత్రుభయం ప్రస్తావన ఉంది కదా, ఇప్పుడు భయం లేదు కదా, మరి ఖస్ర్ ఎందుకని హజ్రత్ ఉమర్ (రజి)ని ఒకరు అడిగారు. తనకూ అదే సందేహం వచ్చి దైవప్రవక్త (స)ను అడిగానని ఆయన చెప్పారు. అది అల్లాహ్ తన దాసులకు చేసిన దానమనీ, దాన్ని స్వీకరించమనీ ప్రవక్త (స) సెలవిచ్చారు. కనుక హనఫీ విధానంలో ముసాఫిర్‌కు జుహర్, అస్ర్, ఇషా ఫర్జ్‌లు రెండేసి రకాతులే. కావాలని నాలుగు చదవడం అదనపు పుణ్యం కాదు, సరైన పద్ధతీ కాదు. ఫజ్ర్ రెండు, మగ్‌రిబ్ మూడు, విత్ర్ మూడు యథాతథం.

నాగ్‌పూర్‌లో స్టేషన్‌కు దగ్గరలోనే మోమిన్‌పురా ఉంది, అక్కడ మస్జిద్‌లున్నాయి. స్థానిక ఇమామ్ వెనుక నిలబడితే ముసాఫిర్ కూడా నాలుగు పూర్తి చేయాలి. అదే ముసాఫిర్ ఇమామ్‌గా నిలబడితే రెండు రకాతులకే సలాం చెప్పి, మీరు పూర్తి చేసుకోండి, మేము ప్రయాణికులం అని తెలియజేయాలి. హజ్రత్ ఉమర్ (రజి) మక్కాలో అలాగే చేశారు. తండ్రీ కొడుకులు మస్జిద్‌కు వెళ్తారు సరే, తల్లి, కోడలు ఎక్కడ చదవాలి? మన మస్జిద్‌లు అనేకం స్త్రీ ప్రయాణికులకు వుజూ చేసుకునే చోటు కూడా చూపించవు. స్టేషన్ పక్కనున్న మస్జిద్‌ల కమిటీలైనా ఒక గది గురించి ఆలోచించాలి. అంతవరకు లాడ్జి గదిలో శుభ్రమైన గుడ్డ పరచుకుని చదువుకోవడమే దారి.

గదిలో ఖిబ్లా ఎటు? నాగ్‌పూర్, మక్కా రెండూ 21 డిగ్రీల పైచిలుకు ఉత్తర అక్షాంశం మీదే ఉన్నాయి. అయినా భూమి గుండ్రంగా ఉన్నందున నాగ్‌పూర్ నుంచి ఖిబ్లా నేరుగా పడమరకు కాక, ఎనిమిది డిగ్రీల మేర ఉత్తరానికి ఒరిగి ఉంటుంది. హైదరాబాద్‌లో ఈ ఒరుగు ఇంకాస్త ఎక్కువ. తెలిసినవారు అందుబాటులో ఉంటే అడగడం తప్పనిసరి. ఎవరూ లేనప్పుడు ఆలోచించి, మనసు మొగ్గిన దిక్కుకు చదివితే, తర్వాత పొరపాటని తేలినా ఆ నమాజ్ చెల్లుతుంది. నమాజ్ మధ్యలో తెలిస్తే అలాగే తిరగాలి.

ఇక డబ్బు సంగతి. పర్సు పోయింది, ఫోన్ చచ్చిపోయింది, ఇంటి దగ్గర బ్యాంకులో లక్షలున్నా చేతిలో టీకి పైసా లేదు. ఇలాంటి వాణ్ణి ఖుర్ఆన్ 'ఇబ్నుస్సబీల్' అంది. సూరా తౌబా 60వ ఆయతులో జకాత్ హక్కుదారుల ఎనిమిది కోవల్లో అతనిదొకటి. సొంత ఊళ్ళో తాను జకాత్ ఇచ్చేవాడైనా సరే, ఇల్లు చేరడానికి అవసరమైనంత తీసుకోవడం అతనికి ధర్మసమ్మతం. అప్పు దొరికితే అప్పు తీసుకోవడం మేలని ఫుఖహాలు చెప్పారు. సిగ్గుపడి పిల్లల్ని పస్తు పెట్టడం మాత్రం తగదు. ఇచ్చేవారు కూడా, బట్టలు చూసి 'వీడికేం లోటు' అనుకోకూడదు.

శుక్రవారం అక్కడే గడిస్తే ముసాఫిర్ మీద జుమా ఫర్జ్ కాదు. వెళ్తే చెల్లుతుంది, వెళ్ళలేకపోతే జుహర్ రెండు రకాతులు చదవాలి. ఆ గందరగోళంలో ఒక జుహర్ తప్పిపోయి, గుంటూరు చేరాక కజా చేయవలసి వస్తే, హనఫీ విధానంలో అప్పుడు కూడా రెండు రకాతులే.