ఉప్పెన తరువాత

పాఠ్యభాగ నేపథ్యం:
ప్రకృతి విపత్తు ఒక్క పూటలో ముగుస్తుంది. దాని వలన కూలిన జీవితాలు తిరిగి నిలబడటానికి ఏండ్లు పడుతుంది. 1977 దివిసీమ ఉప్పెన అనంతరం క్రైస్తవ సేవాసంస్థలు, స్వచ్ఛంద కార్యకర్తలు చేసిన కృషి ఆధారంగా నిజమైన సేవాలక్షణాలను ఈ పాఠం వివరిస్తుంది.

పాఠ్యభాగం:

వరంగల్లు సముద్రతీర నగరం కాదు. అయినా సముద్రంలో పుట్టిన తుఫాను దానిని విడిచిపెట్టలేదు. 2025 అక్టోబరు 28వ తేదీ రాత్రి నరసాపురం సమీపంలో తీరం దాటిన మొంథా తుఫాను, మరునాడు వరంగల్లు, హనుమకొండ ప్రాంతాలపై కుండపోత వాన కురిపించింది. పల్లపు కాలనీలు జలమయమయ్యాయి. పూర్వపు వరంగల్లు జిల్లాలోని డోర్నకల్లు జంక్షన్‌లో పట్టాలమీద నీరు నిలిచి రైళ్లు ఆగిపోయాయి. తీరవాసుల కష్టం లోతట్టు ప్రాంతాలవారికి పరాయిది కాదని ఆ రెండు రోజులు మరొకసారి నిరూపించాయి.

డోర్నకల్లుకు, సముద్రతీరానికి మధ్య వేరొక అనుబంధం కూడా ఉన్నది. 1912లో ఇక్కడ ఏర్పడిన క్రైస్తవ అధ్యక్ష మండలానికి వేదనాయకం శామ్యూల్ అజరయ్య తొలి బిషప్పు అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవిని అందుకొన్న మొదటి భారతీయుడు ఆయనే. తిరునెల్వేలి ప్రాంతం నుండి వచ్చిన ఆ తమిళుడు తెలుగు నేర్చుకొని, పల్లెపల్లెకు తిరిగి, నిరుపేదల మధ్య పనిచేశారు. కాలక్రమంలో ఆ మండల పరిధి కృష్ణా డెల్టా వరకు విస్తరించింది. ఆ డెల్టా చివరి భాగమే దివిసీమ.

కృష్ణానది రెండు పాయలుగా చీలి సముద్రాన్ని చేరే చోట, ఆ పాయల నడుమ ఉన్న సారవంతమైన భూభాగం దివిసీమ. 1977 నవంబరు 19వ తేదీన ఆ సీమపై ప్రళయం విరుచుకుపడింది. తుఫాను గాలుల తాకిడికి సముద్రజలం ఎత్తుగా లేచి భూమిమీదికి పొర్లిరావడాన్ని ఉప్పెన అంటారు. ఆనాడు సుమారు ఐదు మీటర్ల ఎత్తున లేచిన ఉప్పెన ఊళ్లకు ఊళ్లను ముంచివేసింది. సొర్లగొంది, పాలకాయతిప్ప వంటి తీరగ్రామాలు ఛిన్నాభిన్నమయ్యాయి. అధికారిక లెక్కల ప్రకారమే దాదాపు పదివేలమంది ప్రాణాలు కోల్పోయారు. వారిలో అధికులు పూరిగుడిసెలలో నివసించే వ్యవసాయ కూలీలు, మత్స్యకారులు. తలదాచుకోవడానికి గట్టి కట్టడం గానీ, ఎత్తైన ప్రదేశం గానీ వారికి లేకపోవడమే ఇంతటి ప్రాణనష్టానికి ముఖ్యకారణం.

ఆ వార్త విని తెలుగునేల కదిలిపోయింది. దివిసీమకు చెందిన నాయకుడు మండలి వెంకటకృష్ణారావు బాధితుల పక్షాన నిలిచి సహాయ కార్యక్రమాలకు చేయూతనిచ్చారు. సినీనటులు ఎన్.టి.రామారావు, అక్కినేని నాగేశ్వరరావు జోలెపట్టి విరాళాలు సేకరించారు. రాష్ట్రీయ స్వయంసేవక సంఘం కార్యకర్తలు శవదహనం వంటి కఠినమైన బాధ్యతలను స్వీకరించారు. మదర్ థెరిసా దివిసీమకు వచ్చి బాధితులను ఓదార్చారు. ఆ ఆపత్సమయంలో మతాలు వేరైనా, సిద్ధాంతాలు వేరైనా, చేతులన్నీ ఒకే పనిలో నిమగ్నమయ్యాయి.

అన్నం, బట్టలు, మందులు అందించడంతో తొలిదశ ముగిసింది. అసలు పరీక్ష ఆ తరువాతనే మొదలైంది. ఉప్పునీరు చేరి పొలాలు చౌడుబారాయి. బావులలో నీరు త్రాగడానికి పనికిరాకుండా పోయింది. పశువులు లేవు, పడవలు లేవు, వలలు లేవు. పంచిన బియ్యం కొద్దికాలం ఆకలి తీర్చగలదే కాని, పోయిన జీవనోపాధిని తిరిగి తేలేదు. ఈ సత్యాన్ని గ్రహించిన సంస్థలే దీర్ఘకాల సేవకు పూనుకొన్నాయి.

అటువంటి సంస్థలలో ‘కాసా’ ఒకటి. దేశవిభజన నాటి శరణార్థులను ఆదుకోవడానికి 1947లో ప్రొటెస్టెంటు, ఆర్థడాక్సు సంఘాలు ఉమ్మడిగా స్థాపించిన సేవాసంస్థ ఇది. దివిసీమ ఉప్పెన తరువాత ఈ సంస్థ ఆంధ్రతీరం పొడవునా తుఫాను రక్షణ భవనాల నిర్మాణానికి పూనుకొన్నది. నీరు క్రిందినుండి సాగిపోవడానికి వీలుగా ఎత్తైన స్తంభాలమీద గట్టి కాంక్రీటుతో ఇటువంటి భవనాలను నిర్మిస్తారు. తుఫాను వేళ అవి ఊరివారికి ఆశ్రయమిస్తాయి. మిగిలిన రోజులలో బడిగానో, సమావేశ మందిరంగానో ఉపయోగపడతాయి. ప్రతిదినం వాడుకలో ఉన్న భవనమే ఆపదవేళ తలుపు తెరుచుకొని సిద్ధంగా ఉంటుందన్నది ఈ ఏర్పాటులోని సూక్ష్మం.

గృహనిర్మాణంలో మరొక మార్గాన్ని చూపినవారు బెల్జియం దేశీయుడైన జెసూట్ గురువు మైకేల్ విండే. 1969లో కోస్తా ప్రాంతాన్ని తుఫాను దెబ్బతీసిన నేపథ్యంలో ఆయన గ్రామ పునర్నిర్మాణ సంస్థకు శ్రీకారం చుట్టారు. గుంటూరు సమీపంలోని పెదకాకాని దానికి కేంద్రమైంది. ఒక్కొక్క కుటుంబానికి ఒక్కొక్క ఇల్లు కట్టి ఇచ్చినంత మాత్రాన గ్రామం ఏర్పడదనీ, ఊరంతా కలిసి ఆలోచించి, కలిసి శ్రమించి కట్టుకొన్నప్పుడే అది తమదవుతుందనీ ఆ సంస్థ భావించింది. సహాయం పొందేవారిని యాచకులుగా కాక, నిర్మాతలుగా చూడటం ఈ ఆలోచనలోని విశిష్టత.

అయితే, సేవామార్గం విమర్శలకు అతీతం కాదు. మతసంస్థ అందించే సహాయం వెనుక మతప్రచారం దాగి ఉన్నదేమోనన్న అనుమానం పలుచోట్ల వినిపిస్తూనే ఉంటుంది. ఆకలితో ఉన్నవాని నిస్సహాయతను విశ్వాసపు మార్పిడికి వాడుకోవడం సేవ అనిపించుకోదు. ఈ విషయంలో స్పష్టత కోసం 1994లో రెడ్‌క్రాస్ ఉద్యమం, ఇతర అంతర్జాతీయ సేవాసంస్థలు ఒక ప్రవర్తనా నియమావళిని రూపొందించాయి. జాతి, మత భేదం లేకుండా అవసరాన్ని బట్టి మాత్రమే సహాయం అందించాలనీ, ఏ మతాభిప్రాయాన్నీ, రాజకీయాభిప్రాయాన్నీ పెంపొందించడానికి దానిని సాధనం చేసుకోరాదనీ అది నిర్దేశిస్తుంది. దాని రూపకర్తలలో కారితాస్, లూథరన్ ప్రపంచ సమాఖ్య, ప్రపంచ చర్చిల మండలి వంటి క్రైస్తవ సంస్థలు కూడా ఉండటం గమనార్హం.

దివిసీమ నేర్పిన పాఠం వృథా కాలేదు. 1990 మే 9వ తేదీన దాదాపు అంతటి తీవ్రతగల తుఫాను మరల కృష్ణా ముఖద్వార ప్రాంతాన్నే తాకింది. ఆస్తినష్టం అపారంగా జరిగింది. కాని మృతుల సంఖ్య వేయి లోపే ఉన్నది. ముందస్తు హెచ్చరికలు సకాలంలో అందడం, ప్రభుత్వం లక్షలాది ప్రజలను సురక్షిత ప్రాంతాలకు తరలించడం, ఆశ్రయమివ్వడానికి రక్షణ భవనాలు సిద్ధంగా ఉండటం ఇందుకు కారణాలు. దివిసీమ ఉప్పెన తరువాత పోసిన కాంక్రీటు ఆ రాత్రి ఎన్నో ప్రాణాలకు అండగా నిలిచింది.

విపత్తు జరిగిన మూడవనాడు సహాయకులకు కొదువ ఉండదు. మూడు నెలలు గడిచిన తరువాత కూడా అక్కడ నిలిచి ఉన్నవారే బాధితులకు ఆత్మబంధువులు. వరంగల్లు వీధులలో వరదనీరు తీసిన తరువాత బురద ఎత్తిపోయడానికి ముందుకు వచ్చే విద్యార్థికైనా, దివిసీమలో ఇటుక మోసిన కార్యకర్తకైనా వర్తించే సూత్రం ఇదే.

కఠిన పదాలకు అర్థాలు:
జలమయం = నీటితో నిండినది
ఛిన్నాభిన్నం = చెల్లాచెదరు
చౌడుబారు = ఉప్పుచేరి సారం కోల్పోవు
శ్రీకారం చుట్టు = ప్రారంభించు
గమనార్హం = గమనింపదగినది
కొదువ = లోటు

అభ్యాసం:
అ) వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. దివిసీమ ఉప్పెన అనంతరం జరిగిన పునర్నిర్మాణ కృషిని వివరించండి.
2. సహాయానికీ, మతప్రచారానికీ మధ్య ఉండవలసిన హద్దును పాఠం ఆధారంగా చర్చించండి.

ఆ) సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. తుఫాను రక్షణ భవనాల ప్రత్యేకత ఏమిటి?
2. 1977, 1990 తుఫానుల ప్రాణనష్టంలోని తేడాకు కారణాలు తెలపండి.

ఇ) ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. ఉప్పెన అంటే ఏమిటి?
2. గ్రామ పునర్నిర్మాణ సంస్థకు శ్రీకారం చుట్టినవారెవరు?