మందు మొక్కల దగ్గర నేర్చుకున్నవి

ఫార్మసీ విద్యార్థులకు మూలికల పాఠం చెబుతూనే నా ఉద్యోగ జీవితమంతా గడిచింది. రిటైరయ్యాక కూడా ఎవరో ఒకరు ఏదో ఒక ఆకు పట్టుకుని ఇంటికి వస్తూనే ఉంటారు. "మాస్టారూ, ఇది షుగరుకు మంచిదేనా?" "ఈ వేరు కిడ్నీలో రాళ్ళను కరిగిస్తుందటగా?" అని అడుగుతారు. అవుననో కాదనో ఒక్క ముక్కలో తేల్చే ప్రశ్నలు కావివి. మూలికలంటే నాకు ప్రాణం. అందుకే వాటి గురించి తేలిగ్గా మాట్లాడటం నా వల్ల కాదు. ఇన్నేళ్ళలో నాకు గట్టిగా తెలిసొచ్చిన సంగతులు ఇక్కడ రాస్తున్నాను.

1. "ఆకే కదా, ఏం చేస్తుందిలే" అనుకోవద్దు.

18వ శతాబ్దంలో ఇంగ్లండులో విలియం విథరింగ్ అనే వైద్యుడు ఉండేవాడు. ష్రాప్‌షైర్‌లో ఒక ముసలమ్మ, ఒళ్ళు నీరు పట్టి ఉబ్బినవాళ్ళకు ఇరవై రకాలకు పైగా మూలికలు కలిపిన మందు ఇచ్చేదట. డాక్టర్లు చేతులెత్తేసిన రోగులు కూడా కొందరు దాంతో లేచి తిరిగేవారు. ఆ సంగతి 1775లో విథరింగ్ చెవిన పడింది. ఆయన నాటు వైద్యమని తోసిపుచ్చలేదు, అలాగని గుడ్డిగా నమ్మనూ లేదు. ఆ ఇరవైలో పనిచేస్తున్నది ఫాక్స్‌గ్లోవ్ అని గుర్తుపట్టి, పదేళ్ళపాటు రోగులకిచ్చి చూశాడు. ఎంత ఇస్తే మేలు చేస్తోందో, ఎంత దాటితే వాంతులు, చూపు పచ్చబడటం, నాడి మందగించడం మొదలవుతున్నాయో రాసుకున్నాడు. 1785లో పుస్తకం వేసినప్పుడు వికటించిన కేసులను కూడా దాచలేదు. నా విద్యార్థులకు ఆయన గురించి చెప్పకుండా ఏ సంవత్సరమూ పాఠం మొదలుపెట్టలేదు.

ఆ జాతి మొక్కల నుంచి వచ్చిన డిగాక్సిన్‌ను గుండె జబ్బులకు ఇప్పటికీ వాడుతున్నారు. మేలు చేసే మోతాదుకీ ప్రాణం తీసే మోతాదుకీ మధ్య ఎడం అందులో చాలా తక్కువ. మన ఊళ్ళలో ఇలాంటి విషం సంగతి తెలియనివాళ్ళు లేరు. గన్నేరుపప్పు తిని ప్రాణం తీసుకున్నవాళ్ళ కథలు ప్రతి పల్లెలోనూ ఉన్నాయి. పచ్చగన్నేరు గింజలో ఉన్నది కూడా గుండెను పట్టే అదే కోవ విషం. శ్రీలంకలో ఆ గింజలు తిన్నవాళ్ళను డిగాక్సిన్‌కు విరుగుడుగా తయారుచేసిన ఇంజెక్షన్‌తోనే బతికించారు.

2. ఏ మొక్క అన్నదెంత ముఖ్యమో, దాన్ని ఎలా తయారుచేశారన్నదీ అంతే ముఖ్యం.

వియత్నాం యుద్ధ కాలంలో మలేరియాకు కొత్త మందు కోసం చైనా ప్రభుత్వం 1967లో రహస్యంగా ఒక పరిశోధన మొదలుపెట్టింది. రెండేళ్ళ తర్వాత అందులో చేరిన తూ యూయూ బృందం పాత వైద్య గ్రంథాలను, నాటు వైద్యుల చిట్కాలను జల్లెడ పట్టింది. చింగ్‌హావ్ అనే మొక్క ఒకసారి పనిచేసేది, మరోసారి చేసేది కాదు. క్రీస్తుశకం 4వ శతాబ్దపు వైద్యుడు గె హోంగ్ రాసినదాన్ని ఆమె మళ్ళీ చదివారు. ఆకును నీళ్ళలో నానబెట్టి, పిండి, ఆ రసం తాగమని ఉంది. మరిగించమని లేదు. వేడికి మందు చచ్చిపోతోందేమోనని ఆమెకు తట్టింది. తక్కువ వేడిలో మరిగే ఈథర్‌తో సారం తీశారు. 1971లో అది ఎలుకల్లో మలేరియాను పూర్తిగా అణచింది. మనుషులకు ఇచ్చే ముందు ఆమె, సహోద్యోగులు తామే తాగి చూసుకున్నారు. అలా వచ్చిందే ఆర్టెమిసినిన్. 2015లో ఆమెకు నోబెల్ బహుమతి ఇచ్చారు.

స్వరసం, కల్కం, కషాయం, హిమం, ఫాంటం అని మన ఆయుర్వేదం అయిదు పద్ధతులు వేరు చేసి చెప్పింది. పిండేది, నూరేది, మరిగించేది, చన్నీళ్ళలో రాత్రంతా నానబెట్టేది, వేణ్ణీళ్ళలో కాసేపు వేసి వడగట్టేది. ఇప్పుడు దొరికిన ఆకునల్లా గిన్నెలో వేసి మరిగించేస్తున్నారు. పెద్దలు అయిదుగా విడదీసినది ఊరికే కాదని తూ యూయూ కథ చదివిన ప్రతిసారీ నాకు అనిపిస్తుంది.

3. ప్రచారంలో ఉన్న గుణం ఒకటి, అసలు గుణం మరొకటి కావచ్చు.

బిళ్ళగన్నేరు మన పెరళ్ళలో పూజకు పూలిచ్చే మొక్క. పుట్టినిల్లు మడగాస్కర్. జమైకాలో దాని ఆకుల టీని షుగరు వ్యాధికి తాగేవారు. 1950లలో ఆ ఆకులు కెనడా చేరాయి. రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ పరీక్షిస్తే రక్తంలో చక్కెర తగ్గలేదు గానీ తెల్ల కణాలు పడిపోయాయి. ఆ ఆధారం పట్టుకుని వెళితే విన్‌బ్లాస్టిన్ దొరికింది. ఆ వెనకే అదే మొక్క నుంచి విన్‌క్రిస్టిన్ వచ్చింది. పిల్లల రక్త క్యాన్సర్‌కు ఇచ్చే మందుల్లో అది నేటికీ ముఖ్యమైనది. దానితోపాటు వాడే మెథోట్రెక్సేట్ మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి లెడర్లీ ప్రయోగశాల నుంచి వచ్చింది. స్ప్రూ వ్యాధితో తాను చావు అంచుకు వెళ్ళినప్పుడు ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేదంతో బతికి బట్టకట్టిన మనిషి ఆయన. ఏ వైద్యాన్నైనా చులకన చేసి మాట్లాడేవాళ్ళకు నేను ఆయన పేరే చెబుతాను.

అంతమాత్రాన క్యాన్సర్‌కు బిళ్ళగన్నేరు ఆకు నమిలితే సరిపోతుందనుకోకండి. గుప్పెడాకుల్లో ఉండే మందు కణమంత. అదీ నరానికి కొలిచి ఎక్కించాల్సిన మందు.

4. గుర్తుపట్టడం రాకపోతే మూలిక జోలికి పోకూడదు.

1990ల మొదట్లో బెల్జియంలో ఒళ్ళు తగ్గడానికి చైనా మూలికల గుళికలు వాడిన ఆడవాళ్ళలో వందమందికి పైగా మూత్రపిండాలు పాడైపోయాయి. ఒక మూలికకు బదులు అలాంటి పేరే ఉన్న మరో మొక్క కలిసింది. అది అరిస్టొలోకియా జాతిది. కొందరికి ఆ తర్వాత మూత్రమార్గంలో క్యాన్సర్ వచ్చింది. మన చేలగట్ల మీద పెరిగే గాడిదగడపాకు, పొదల్లో పాకే ఈశ్వరి తీగ ఆ జాతివే. వాటిని లోపలికి పుచ్చుకోమని ఎవరు చెప్పినా వినకండి.

కోవిడ్ రోజుల్లో తిప్పతీగ రోజూ తాగినవాళ్ళలో కాలేయం దెబ్బతిన్న కేసులను ముంబయి డాక్టర్లు ప్రచురించారు. వాళ్ళు తాగినది అసలు తిప్పతీగేనా, దాన్ని పోలిన వేరే తీగా అని ఆయుష్ మంత్రిత్వ శాఖ ప్రశ్నించింది. గోడమీద పాకిన తీగను తెంపేముందు ఆ ప్రశ్న మనం వేసుకోవద్దూ? తెల్లగలిజేరును పునర్నవ అని అమ్మేవాళ్ళను, సరస్వతి ఆకునూ నీటి బ్రహ్మినీ ఒకటే అనేవాళ్ళను నేను ఎంతోమందిని చూశాను.

5. చూపించినవాళ్ళకు మనం బాకీ ఉన్నాం.

1987లో కేరళ అగస్త్య కొండల్లో తిరుగుతున్న శాస్త్రవేత్తలకు, దారి చూపించే కాణి గిరిజనులు ఏవో చిన్న పండ్లు తింటూ అలసట లేకుండా నడవడం కనిపించింది. అది ఆరోగ్యపచ్చ. దాంతో జీవని అనే మందు తయారైనప్పుడు, వచ్చిన రుసుములో సగం కాణులకు ఇచ్చారు. దేశం మొత్తానికి ఆదర్శమైన పని అది. ష్రాప్‌షైర్ ముసలమ్మకు మాత్రం చరిత్రలో సరైన చోటు దక్కలేదు. పసుపు గాయాలు మాన్పుతుందన్న మన పాత సంగతికే 1995లో అమెరికాలో పేటెంటు ఇస్తే, మన దేశపు పరిశోధన సంస్థ సీఎస్‌ఐఆర్ పాత గ్రంథాలు ముందుపెట్టి పోరాడి 1997లో దాన్ని రద్దు చేయించింది.

బాకీ అడవికీ ఉంది. ఎండాకాలం మనం తాగే నన్నారి కోసం వేళ్ళు పీకేస్తారు. ఆకు కోస్తే మొక్క బతుకుతుంది, వేరు మొత్తం తవ్వితే చచ్చిపోతుంది. నల్లమలలో తల్లి గడ్డను వదిలి పక్క వేళ్ళు తీసే చెంచు పెద్దల పద్ధతే సరైనది. దాన్ని పాటించే వ్యాపారులకే మన డబ్బు వెళ్ళాలి.

6. పాముకాటుకు ఆకుపసరు వద్దు.

విషం లేని పాములు కరిచినవాళ్ళు, విషపు పాము కరిచినా విషం ఎక్కనివాళ్ళు ఎలాగూ బతుకుతారు. ఆ పేరు పసరుకు దక్కుతుంది. 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుతో పోయినవాళ్ళు దాదాపు 12 లక్షల మంది అని అంచనా. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, ఈ నాలుగింటికీ పనిచేసే విరుగుడు ఇంజెక్షన్ ప్రభుత్వాసుపత్రిలో దొరుకుతుంది. దీని మీద నాతో వాదన పెట్టుకోవద్దు.

7. డాక్టరు దగ్గర దాచవద్దు.

యూరపులో దిగులు జబ్బుకు వాడే సెయింట్ జాన్స్ వోర్ట్ నిజంగానే చాలామందికి గుణమిస్తుంది. కానీ అది కాలేయాన్ని ఉరకలెత్తించి మిగతా మందులను తొందరగా అరిగించేస్తుంది. అవయవ మార్పిడి చేయించుకున్నవాళ్ళు దీన్ని వాడితే, కొత్త అవయవాన్ని కాపాడే మందు రక్తంలో తగ్గిపోయి ప్రాణం మీదికి వచ్చింది. మన ఇళ్ళలో దగ్గుకు చప్పరించే అతిమధురాన్ని రోజుల తరబడి ఎక్కువగా తీసుకుంటే రక్తపోటు పెరుగుతుంది, ఒంట్లో పొటాషియం తగ్గుతుంది. డిగాక్సిన్ వాడేవాళ్ళకు అది మరీ ప్రమాదం.

డాక్టరు కోప్పడతాడని మన పెద్దవాళ్ళు కషాయం మాట బయటికి చెప్పరు. దయచేసి మీరైనా చెప్పండి. ఆపరేషన్ ఉన్నా, కొత్త మందు రాయించుకుంటున్నా, ఇంట్లో వాడుతున్న పొడి, లేహ్యం, ఆకు ఏదైనా సరే, ఆ సీసా సంచిలో వేసుకుని వెళ్ళి డాక్టరు బల్ల మీద పెట్టండి.