షరతు వెనక ఊరి ప్రశ్న
(పంచాయతీ గ్రాంట్లపై ఒక పాత ఉద్యోగి అనుభవ పాఠాలు)

పంచాయతీ కార్యదర్శిగా చేరి విస్తరణాధికారిగా రిటైరయ్యాను. ఇప్పటికీ సాయంత్రం పూట ఫోన్లు వస్తుంటాయి. "సార్, మాకు గ్రాంటు ఆగిందంటున్నారు, ఎందుకై ఉంటుంది?" అని ఒకరు. "ఆడిట్ వాళ్లు పాత వోచరు అడుగుతున్నారు, ఎక్కడ వెతకమంటారు?" అని ఇంకొకరు. 2025 డిసెంబరులో తెలంగాణలో పంచాయతీ ఎన్నికలు జరిగాక కొత్త సర్పంచులు కూడా ఫోన్ చేస్తున్నారు. ఒక్కొక్కరికీ ముక్కలుగా చెప్పడం కంటే ఒకచోట రాసిపెడితే మేలనిపించింది. ఇందులో లెక్కలు చాలావరకు 15వ ఆర్థిక సంఘానివి, అంటే 2026 మార్చితో ముగిసే అయిదేళ్ల కాలానివి. సంఘం మారితే శాతాలు మారతాయి. ఊళ్లో మనం చేయాల్సిన పని తీరు మారగా నేనెప్పుడూ చూడలేదు.

1. షరతును కోపంతో చదవకండి

"మన డబ్బు మనకివ్వడానికి ఢిల్లీవాళ్ల ఆంక్షలేమిటి?" అన్న మాట ఎందరో సర్పంచుల నోట విన్నాను. ఆ కోపంలో న్యాయం ఉంది. 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చింది. ఆ తర్వాత ఈ గ్రాంటు ఎవరి దయాధర్మమూ కాదు, ఆర్థిక సంఘం లెక్కకట్టి ఇచ్చే వాటా. గ్రామీణ స్థానిక సంస్థలకు 2021-26 మధ్య ఇవ్వమని 15వ సంఘం చెప్పిన మొత్తం 2,36,805 కోట్ల రూపాయలు.

కానీ ఆ షరతుల్ని ఒకటొకటిగా విడదీసి చూడండి. జమాఖర్చు అందరికీ కనిపించాలి. ఆడిట్ జరగాలి. ఏ పని చేయాలో గ్రామసభలో తేలాలి. ఢిల్లీ అడిగినా అడగకపోయినా మీ ఊరి రచ్చబండ మీద కూర్చున్న మనిషి అడగాల్సిన ప్రశ్నలే ఇవన్నీ. ఆయనకు అడిగే చనువు లేకపోవచ్చు, కాగితం చదవడం రాకపోవచ్చు. ఆయన తరఫున ఇంకొకరు అడుగుతున్నారు, అంతే. నా ఉద్యోగం మొత్తంలో నాకు బలంగా నాటుకున్న నమ్మకం ఇదొక్కటే. తక్కిన పాఠాలన్నీ దీన్నుంచి వచ్చినవే.

2. లెక్కలు లేకపోతే పైసా రాదు

తెలుగువారైన వై.వి.రెడ్డి గారి అధ్యక్షతన పనిచేసిన 14వ సంఘం గ్రామ పంచాయతీల గ్రాంటులో పది శాతాన్ని పనితీరు గ్రాంటుగా పక్కకు తీసింది. ఆడిటైన లెక్కలూ సొంత ఆదాయంలో పెరుగుదలా చూపితేనే అది వస్తుంది. "పోతే పది శాతమే కదా" అని వదిలేసిన పంచాయతీలు నాకు తెలుసు. అప్పట్నుంచే పుస్తకాలు సరిచేసుకున్నవాళ్లు తర్వాత ఇబ్బంది పడలేదు.

15వ సంఘం అసలు గ్రాంటుకే మెలిక పెట్టింది. నిరుటి తాత్కాలిక లెక్కలు, అంతకు ముందటేడు ఆడిటైన లెక్కలు ఆన్‌లైన్లో జనం చూసేలా ఉండాలంది. మొదటి రెండేళ్లు రాష్ట్రంలో పాతిక శాతం సంస్థలు ఆ పని చేసినా సరిపోయింది. 2023-24 నుంచి ఆ వెసులుబాటు పోయింది. ఎవరి లెక్కలుంటే వారికే డబ్బు. మీ పక్క ఊరి కార్యదర్శి చేసిన కష్టం ఇక మిమ్మల్ని గట్టెక్కించదు.

కాబట్టి నగదు పుస్తకం ఏ రోజుది ఆ రోజే రాయండి. పంచాయతీల ఆన్‌లైన్ లెక్కల వ్యవస్థ ఈ-గ్రామ్ స్వరాజ్‌లో నెల పుస్తకం నెలాఖరుకే ముగించండి. మార్చిలో కూర్చుని పన్నెండు నెలలదీ ఒక్కసారిగా ఎక్కించేవాళ్లు ఏప్రిల్ నాటి డీజిలు బిల్లు ఏ ట్రాక్టరుదో గుర్తులేక తల పట్టుకోవడం చూశాను.

3. గ్రామసభను సంతకాల పుస్తకంగా చూడకండి

ఏటా అక్టోబరు 2 నుంచి ప్రణాళిక ప్రచారం మొదలవుతుంది. 2018లో మొదలైన పద్ధతి ఇది. ఊరి అభివృద్ధి ప్రణాళికను సభలో ఆమోదించి, ఈ-గ్రామ్ స్వరాజ్‌లో ఎక్కించాలి. ప్రణాళికలో లేని పనికి ఆ సాఫ్ట్‌వేర్‌లో చెల్లింపు దారి ఉండదు. ఇంత ముఖ్యమైన దాన్ని చాలాచోట్ల ఎలా చేస్తారో మనకు తెలుసు. నిరుటి పనుల జాబితాను దించి, రెండు సీసీ రోడ్లు చేర్చి, పుస్తకాన్ని ఇంటింటికీ తిప్పి సంతకాలు పెట్టిస్తారు.

గోదావరి జిల్లాల మెట్టలో ఒక ఊరి సభ నాకు బాగా గుర్తు. కార్యదర్శి జాబితా చదువుతున్నాడు. మొదటి పని రామాలయం వీధి సీసీ రోడ్డు. వెనక నిలబడ్డ ఒకావిడ, కొంగు నడుముకు దోపుకుని ముందుకొచ్చింది. "రోడ్డు సంగతి తర్వాత ప్రెసిడెంటు గారూ. మా పేట కుళాయి చుట్టూ మురుగు నిలిచిపోయింది. బిందె ఎత్తుకుంటే కాలు జారుతోంది. ముందు ఆ కాల్వ తవ్వించండి" అంది. ముందు వరసలో ఒకరిద్దరు నవ్వారు. ప్రెసిడెంటు గారు నవ్వలేదు. "రాయండి సెక్రటరీ గారూ, ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాయండి" అన్నారు. పేట పేరు, కుళాయి ఉన్న చోటు, కాల్వ ఎక్కణ్నుంచి ఎక్కడికి అనేదీ తీర్మానంలోకి ఎక్కాయి. ఆర్నెల్ల తర్వాత రోడ్డు కావాలన్న పెద్దమనుషులు డబ్బు మళ్లించమని ఒత్తిడి తెచ్చారు. ప్రెసిడెంటు గారు ఆ పేజీ తీసి వాళ్ల ముందు పెట్టారు. ఎవరితోనూ వాదన పెట్టుకోవాల్సిన అవసరం రాలేదు.

తెలంగాణ 2018 చట్టం రెండు నెలలకోసారి గ్రామసభ పెట్టమంటుంది. అన్నిసార్లా అని విసుక్కోవద్దు. తీర్మానం ఎంత వివరంగా ఉంటే నిజాయితీపరుడైన సర్పంచికి అంత రక్షణ.

4. టైడ్ డబ్బు, అన్‌టైడ్ డబ్బు

దీని మీదే ఎక్కువ ఫోన్లు వస్తాయి. 15వ సంఘం గ్రాంటులో 60 శాతం టైడ్, అంటే చెప్పిన పనికే వాడాల్సినది. అందులో సగం తాగునీరు, వాన నీటి నిల్వ, నీటి పునర్వినియోగానికి. మిగతా సగం పారిశుద్ధ్యానికి, బహిరంగ విసర్జన లేని స్థితిని నిలబెట్టడానికి. మిగిలిన 40 శాతం అన్‌టైడ్. పదకొండో షెడ్యూలులోని 29 అంశాల్లో ఊరికి ఏది అవసరమైతే దానికి వాడొచ్చు. జీతాలకు, ఆఫీసు నిర్వహణ ఖర్చులకు మాత్రం వాడకూడదు. అన్‌టైడ్ అన్నారు కదా అని సిబ్బంది జీతాల బకాయి తీర్చి ఇరుక్కున్నవాళ్లున్నారు. జీతాల కష్టం నిజమైనదే, నాకు తెలుసు. దానికి ఇంటి పన్ను వసూలు చేయాలి. ఓట్లు పోతాయని ఇంటి పన్ను అడగని పంచాయతీ ఎప్పటికీ పరాయి సొమ్ము మీదే బతకాలి.

నీళ్ల పనులన్నీ పూర్తయి, చెత్త సమస్య మిగిలిన ఊళ్లుంటాయి. అలాంటప్పుడు ఒక పద్దు సొమ్మును రెండో పద్దుకు వాడుకునే వీలుంది. గ్రామసభ ధ్రువీకరించాలి, పై అధికారి ఖాయపరచాలి. ఈ వీలు ఉందని తెలియక డబ్బు ఖాతాలో మురగబెట్టినవాళ్లు చాలామంది.

5. కాంక్రీటు కిందికి పోయినదాన్ని ఎవరూ కొలవలేరు

పనికి ముందు, మధ్యలో, అయిపోయాక, మూడు దశల్లోనూ ఫొటో తీసి జియోట్యాగ్ చేయాలి. మొదటి ఫొటో మర్చిపోయి, పని అయ్యాక పక్క వీధి ఫొటో పెట్టి నెట్టుకొద్దామనుకోకండి. ఫొటోతో పాటు అక్షాంశ రేఖాంశాలూ వెళ్తాయి.

ఫొటో కంటే ముఖ్యం ఎం.బుక్, అంటే కొలతల పుస్తకం. ఏఈ (అసిస్టెంటు ఇంజనీరు) గారు కొలతలు వేసే రోజున సర్పంచి, కార్యదర్శి, వీలైతే ఆ వీధి వార్డు మెంబరు అక్కడ ఉండాలి. రోడ్డు పొడవు, వెడల్పు ఏడాది తర్వాతైనా కొలవచ్చు. మందం అలా కాదు. గ్రావెల్ పరిచినప్పుడు ఒకసారి, కాంక్రీటు పోసేటప్పుడు ఒకసారి టేపు దింపి చూడాలి. నేను కార్యదర్శిగా ఉన్నప్పుడు ఒక ప్రెసిడెంటు గారు చెక్కల మధ్య ఒంగి, తడి కాంక్రీటులో ఇనుప చువ్వ గుచ్చి, చువ్వకు అంటిన సిమెంటు దాకా టేపుతో కొలిచేవారు. మూడు చోట్ల కొలిచి, మూడూ తన డైరీలో రాసుకునేవారు. కంట్రాక్టరు మొదట్లో చిన్నబుచ్చుకున్నాడు. తర్వాత తనే చువ్వ తెచ్చి అందించేవాడు.

6. బ్లీచింగ్ బస్తా కథ

ఆడిట్ వాళ్లు పెద్ద బిల్లులే చూస్తారనుకుంటారు కొత్తవాళ్లు. వాళ్లు ముందుగా అడిగేది బ్లీచింగ్ పౌడరు సంగతి. కొన్న బిల్లు ఉంటుంది, డబ్బు కట్టిన వోచరు ఉంటుంది. స్టాకు రిజిస్టరులో జమ రాశారా? ట్యాంకు ఆపరేటరుకు ఏ తేదీన ఎంత ఇచ్చారు? ఆయన సంతకం ఏది? ఈ గొలుసులో ఒక్క లింకు తెగినా ఆ బస్తా మీరు కొననట్టే లెక్క.

ఇది కాగితాల పిచ్చి అనుకోవద్దు. వానాకాలంలో ఊరికి విరేచనాలు పట్టుకున్నప్పుడు వైద్య సిబ్బంది వచ్చి అడిగేదీ ఇదే. ట్యాంకు ఎప్పుడు కడిగారు, క్లోరిన్ ఎప్పుడు కలిపారు? చివరి కుళాయి దగ్గర లీటరు నీటికి కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలి. ట్యాంకు మెట్ల పక్కన గోడ మీద శుభ్రం చేసిన తేదీ పెయింటుతో రాయించండి. అదే తేదీ రిజిస్టరులోనూ ఉండాలి. గోడ మీద తేదీ జనానికి, రిజిస్టరులో తేదీ ఆడిట్‌కి. రెండూ ఒకటైతే మీ ఊరి నీళ్లు తాగడానికి నాకు భయం ఉండదు.

7. డిజిటల్ కీ ఎవరి చేతిలో ఉంది?

ఇది రాయడానికే కూర్చున్నానంటే తప్పు కాదు. చెల్లింపు జరగాలంటే డిజిటల్ సంతకాలు పడాలి. ఒకరు బిల్లు తయారుచేస్తే ఇంకొకరు సరిచూసి ఆమోదించాలి. ఒకరి మీద ఒకరి కన్ను ఉండాలనే రెండు సంతకాలు పెట్టారు. ఆ సంతకాలు పెట్టే రెండు కీలూ కంప్యూటరు ఆపరేటరు సొరుగులో, పాస్‌వర్డు కాగితం చుట్టి రబ్బరు బ్యాండు వేసి ఉంచితే ఆ కన్ను మూసుకుపోయినట్టే.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండు రాష్ట్రాల్లోనూ పంచాయతీల్లో సగం స్థానాలు ఆడవాళ్లవి. ఎందరి కీలు భర్తల జేబుల్లో, మరుదుల జేబుల్లో ఉన్నాయో నాకు తెలుసు. అమ్మా, మీ పేరుతో వెళ్లిన ప్రతి రూపాయికీ జవాబుదారీ మీరే. రేపు సర్‌చార్జి పడితే నోటీసు మీ పేరునే వస్తుంది, ఆయన పేరున రాదు. చదువు తక్కువని జంకకండి. బిల్లు మీద మూడు సంగతులు అడగండి. ఈ పని గ్రామసభలో ఒప్పుకున్నదేనా? ఎం.బుక్కులో కొలత పడిందా? డబ్బు ఎవరి ఖాతాకు వెళ్తోంది? జవాబు దొరికాకే కీ పెట్టండి. అలా అడగడం నేర్చుకున్న ఒక సర్పంచమ్మ దగ్గర పనిచేశాను. ఆవిడ హయాంలో మాకు ఒక్క బిల్లూ వెనక్కి రాలేదు.

8. ఆడిట్ పారాకు జవాబు రాయండి

అభ్యంతరం రావడం అవమానం కాదు. జవాబు రాయకపోవడమే ముప్పు. పారా పెట్టిన కాగితం చేతికి రాగానే, మనుషులూ కాగితాలూ ఊళ్లోనే ఉండగానే రాసి పంపండి. పదేళ్ల తర్వాత అదే పారా పెన్షను కాగితాల్లో ఎదురై ఏడిచిన ఉద్యోగుల్ని ఓదార్చాను.

9. మన చేతిలో లేనివి కూడా తెలుసుకోండి

మీరు అన్నీ సరిగ్గా చేసినా డబ్బు ఆగొచ్చు. ఎన్నికైన పాలకవర్గం లేని పంచాయతీకి ఈ గ్రాంటు రాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2018 ఆగస్టులో గడువు ముగిస్తే 2021 ఫిబ్రవరి దాకా ఎన్నికలు జరగలేదు. తెలంగాణలో 2024 ఫిబ్రవరి నుంచి 2025 డిసెంబరు దాకా ప్రత్యేకాధికారుల పాలన. ఆ కాలంలో ట్రాక్టరు డీజిలుకూ వీధి లైట్లకూ కార్యదర్శులు ఎంత అల్లాడారో చెప్పడానికి మాటలు చాలవు. రాష్ట్ర ఆర్థిక సంఘం వేయడం, దాని సిఫారసులపై చర్య తీసుకోవడం రాష్ట్రం బాధ్యత. కేంద్రం నుంచి వచ్చిన డబ్బును పది పనిదినాల్లో పంచాయతీలకు పంపాలి, ఆలస్యమైతే వడ్డీతో ఇవ్వాలి. అది కూడా షరతే. 2021లో ఆంధ్రప్రదేశ్‌లో ఆర్థిక సంఘం సొమ్మును కరెంటు బకాయిలకు జమ కట్టుకున్నప్పుడు సర్పంచులు పార్టీలు చూడకుండా నిరసన తెలిపారు. తెలపాల్సిందే. ఊరు షరతు పాటించినప్పుడు, పైవాళ్లూ పాటించాలని అడిగే హక్కు ఊరికి ఉంటుంది. మంత్రిగారికి అర్జీ రాసేటప్పుడు డబ్బు విడుదలైన తేదీ, మీ ఖాతాలో పడిన తేదీ పక్కపక్కన రాయండి.

10. బదిలీ అయిన రోజు

కార్యదర్శి మారినప్పుడే సగం కాగితాలు పోతాయి. చార్జి ఇచ్చేటప్పుడు బీరువా తాళం చేతిలో పెట్టి దండం పెట్టి వెళ్లిపోవద్దు. నగదు పుస్తకం నిల్వ, బ్యాంకు నిల్వ, వోచరు ఫైళ్లు, ఎం.బుక్కుల నంబర్లు, స్టాకు రిజిస్టరు, తేలని ఆడిట్ పారాలు, సగంలో ఉన్న పనులు, అన్నీ జాబితా రాసి రెండు ప్రతుల మీద ఇద్దరూ సంతకాలు చేయండి. పాత కార్యదర్శి డిజిటల్ కీ రద్దయి కొత్తది నమోదయ్యేదాకా ఒక్క బిల్లూ కదపొద్దు. మూడో ప్రతి ఒకటి తీసి సర్పంచి గారికి ఇవ్వండి. వాళ్లు అయిదేళ్లు అక్కడే ఉంటారు.