అందిందని చెప్పాలి తల్లీ

భద్రాచలం

చిరంజీవి బుజ్జికి పెదనాన్న ఆశీస్సులు.

మీ అమ్మ ఫోన్ చేసింది. చర్ల అవతలి పంచాయతీల్లో నెట్ పని మానేసి హైదరాబాద్‌లో ఏదో కాల్ సెంటర్‌లో చేరబోతున్నావని చుట్టాల్లో అనుకుంటున్నారట. "అది రాత్రిళ్లు సరిగా పడుకోవట్లేదు బావగారూ, మీరే ఒక మాట చెప్పాలి" అంది. నీ చివరి మెసేజ్ పెదనాన్న ఫోన్‌లో అట్లాగే ఉంది. "కేబుల్ బానే ఉంది, లైట్లు వెలుగుతున్నాయి, నెట్ మాత్రం రావట్లేదు, అందరూ నన్నే తిడుతున్నారు" అని. దాని తర్వాత ఈయన ఎన్ని పెట్టినా నీ నుంచి ఉలుకూ పలుకూ లేదు. నీలం టిక్కులు మాత్రం ఠంచనుగా పడుతున్నాయి. ఉద్యోగం సంగతి తర్వాత చూద్దాం, ముందు ఈ టిక్కుల లెక్క తేలాలి.

ఒక టిక్కు పడితే కబురు కంపెనీ సర్వర్‌కు చేరినట్టు. రెండు పడితే నీ ఫోన్‌కు చేరినట్టు. నీలమైతే నువ్వు తెరిచి చూసినట్టు. పెదనాన్న అడిగిందేమో "వేళకు తింటున్నావా" అని. ఈ మూడింటిలో ఏదీ దానికి జవాబు కాదు. నవ్వకు. నువ్వు కాలేజీలో చదివి, పరీక్ష రాసి, పక్కన పడేసిన ప్రొటోకాల్ అనే సబ్జెక్టులో సగం ఈ ఒక్క గొడవే. ఎవరికి అందింది, ఎంతవరకు అందింది, అందినట్టు చెప్పాల్సింది ఎవరు?

పెదనాన్న ఉద్యోగమంతా వరద కబుర్ల వైర్‌లెస్ సెట్ ముందే గడిచింది. ఎగువన పేరూరు, దుమ్ముగూడెం, దిగువన కూనవరం, ఇంకా కిందకు పోతే ధవళేశ్వరం. భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు వస్తే మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. అంకెల మధ్య తేడా ఐదేసి అడుగులే కాబట్టి ఒక్క అంకె తప్పు విన్నా ఊళ్లు ఖాళీ చేయించే నిర్ణయమే మారిపోతుంది. సెట్ హోరులో 'మూడు', 'ఏడు' అన్నా చివరి 'డు' ఒక్కటే వినపడేది. అందుకే మా సీనియర్ ఆపరేటర్ ఒకాయన, మనిషి మహా చాదస్తుడు, అవతలివాళ్లు అంకెను తిరిగి చదివి వినిపించేదాకా రిజిస్టర్‌లో కలం పెట్టనిచ్చేవాడు కాదు. ముందుగా పిలవాలి: "పేరూరు, పేరూరు, భద్రాచలం పిలుస్తోంది." అటునుంచి "వినపడుతోంది భద్రాచలం, మేం వినపడుతున్నామా?" అని రావాలి. "వినపడుతున్నారు, చెప్పండి" అని ఇటునుంచి పోవాలి. అప్పుడు గానీ అసలు కబురు మొదలు కాదు.

ఇప్పుడు రెండు కంప్యూటర్లు మాట కలిపే పద్ధతి, నీ టీసీపీ పుస్తకం తెరువు. సిన్, సిన్-యాక్, యాక్. మూడు మాటలు, అవే మాటలు. రెండు మాటలతో ఎందుకు సరిపోదో నీ పుస్తకం రెండు పేజీలు రాసి ఉంటుంది. సెట్ ముందు కూర్చున్నవాడికి ఒక్క వాన రాత్రితో తెలిసిపోయేది. నీ మాట వాళ్లకు చేరుతోందనీ, వాళ్ల మాట నీకు చేరుతోందనీ ఇద్దరికీ రూఢి కావాలి.

1986 ఆగస్టులో నీళ్లు 75.6 అడుగులకు వచ్చాయి. మీ నాన్నకప్పుడు పదో తరగతి. అన్నం క్యారేజీ పట్టుకొచ్చినవాడు ఇంటికి పొమ్మంటే పోకుండా సెట్ పక్కన బెంచీ మీదే కూర్చున్నాడు. ప్రతి స్టేషన్‌కూ తొందరే. బటన్ నొక్కితే మాట్లాడటం, వదిలితే వినడం. ఇద్దరు ఒకేసారి నొక్కితే కీచుమనే ఈల తప్ప ఎవరి మాటా ఎవరికీ చేరదు. "ఇద్దరూ ఒకేసారి మళ్లీ నొక్కితే ఎట్లా అన్నా?" అని అడిగాడు వాడు. పిల్లవాడి ప్రశ్నే గానీ, హవాయిలో పెద్ద పెద్ద ప్రొఫెసర్లు తల పట్టుకున్న ప్రశ్న కూడా అదే. 1971లో అక్కడి విశ్వవిద్యాలయంలో నార్మన్ అబ్రామ్సన్ బృందం దీవుల మధ్య కంప్యూటర్లను రేడియోతో కలిపి అలోహానెట్ అని పేరు పెట్టింది. పంపాలనుకున్నవాళ్లు పంపేయడమే. రెండు కబుర్లు గాల్లో ఢీకొంటే రెండూ పాడవుతాయి, 'అందింది' అన్న జవాబు రాదు. అప్పుడు చిట్టీ తీసినట్టు ఎవరికి వాళ్లు ఏదో ఒక వ్యవధి ఆగి మళ్లీ పంపుతారు. ఇద్దరికీ అదే వ్యవధి పడే అవకాశం తక్కువ. జిరాక్స్ కంపెనీలో రాబర్ట్ మెట్‌కాఫ్ 1973లో ఈథర్నెట్‌కు బీజం వేసినప్పుడు అలోహానెట్ ఆలోచననే తీసుకుని మెరుగుపరిచాడు. నువ్వు నడుముకు చుట్టుకుని తిరిగే ఆ నీలం వైరు పేరులో ఇంతా ఉంది.

ఆ వరద తీసిన రెండు నెలలకే, అదే 1986 అక్టోబరులో, అమెరికాలో ఇంటర్నెట్‌కు కూడా వరదొచ్చింది. లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలకూ బర్క్‌లీ విశ్వవిద్యాలయానికీ మధ్య దూరం 400 గజాలు. సెకనుకు 32 వేల బిట్లు పోవాల్సిన దారిలో 40 బిట్లకు పడిపోయింది. వైరు తెగలేదు, యంత్రం చెడలేదు. 'అందింది' అన్న జవాబు ఆలస్యమైన కొద్దీ ప్రతి కంప్యూటరూ పంపిందే మళ్లీ పంపింది. దాంతో దారి ఇంకా నిండింది, జవాబులు ఇంకా ఆలస్యమయ్యాయి, మళ్లీ పంపడాలు ఇంకా పెరిగాయి. వాన్ జాకబ్సన్ అనే ఆయన కూర్చుని దాన్ని విప్పి 1988లో ప్రచురించాడు. జవాబు రాకపోతే దారి నిండిందని అనుకో, వేగం తగ్గించు. ఒకసారి ఆగిన దానికి రెట్టింపు సేపు రెండోసారి ఆగు. జవాబులు వస్తున్న కొద్దీ మెల్లగా పెంచుకో. నీ ఫోన్‌లోని టీసీపీ ఈ రోజుకీ జవాబు రాని ప్రతిసారీ ఆగే సమయాన్ని రెట్టింపు చేసుకుంటూ పోతుంది. మన ఇంట్లో మాత్రం ఆ ఏర్పాటు లేదు. నువ్వు పలకకపోతే మీ అమ్మ పిన్నికి చేస్తుంది, పిన్ని నీ రూమ్మేట్‌కు, రూమ్మేట్ నీకు, ఇంతలో పెదనాన్న మీ అమ్మకు. అందరి లైన్లూ బిజీ. 'అందింది' అని ఒక్క ముక్క రాస్తే ఈ రద్దీ అంతా ఉండదు.

సరే, తిట్టింది చాలు. నీ పెట్టె దగ్గరికి వద్దాం.

పంచాయతీ ఆఫీసు గోడకు ఉన్న ఓఎన్‌టీ పెట్టె మీద 'లాస్' అన్న ఎర్రలైటు ఆడుతుంటే కాంతే రావడం లేదని అర్థం. జేసీబీ ఎక్కడో కేబుల్ కోసేసి ఉంటుంది, ఇంకేం ఆలోచించకుండా దారి పట్టుకుని వెతకాలి. 'పాన్' పచ్చగా ఉందంటే కాంతి చేరింది, అవతలి చివరనున్న పెద్ద పెట్టె ఓఎల్‌టీ ఈ పెట్టెను గుర్తుపట్టింది. అంతవరకే. నువ్వు "లైట్లు వెలుగుతున్నాయి" అన్నది అక్కడితో అయిపోయింది, దానిపైన ఇంకా మూడు నాలుగు మెట్లున్నాయి. లాప్‌టాప్ పెట్టి ఐపీ అడ్రస్ చూడు. 169.254తో మొదలైతే నీ కంప్యూటర్ అడ్రస్ కోసం అరిచి అరిచి, అడ్రస్‌లు పంచే డీహెచ్‌సీపీ నుంచి జవాబు రాక, తనకు తానే ఒక అడ్రస్ పెట్టుకుందన్నమాట. అడ్రస్ సరిగా ఉంటే గేట్‌వేను పింగ్ చెయ్యి. పలికితే 8.8.8.8ను చెయ్యి. అదీ పలికి, వెబ్‌సైట్ పేరు కొడితే మాత్రం తెరుచుకోకపోతే డీఎన్ఎస్‌ది తప్పు; దారి బాగానే ఉంది, పేరును అంకెగా మార్చేవాడే లేడు. పింగ్ ప్రోగ్రామ్‌ను 1983లో మైక్ మూస్ రాశాడు. అది చేసే పని "ఉన్నావా?" అని అడిగి, "ఉన్నా" అనే జవాబుకు ఎంతసేపు పట్టిందో కొలవడమే. పెదనాన్నకు ప్రపంచంలోని ప్రోగ్రాములన్నింటిలోకీ అదంటేనే ఇష్టం, ఎందుకో నీకు చెప్పాలా?

ఒక్కోసారి ఒకే దారి మీదున్న పంచాయతీలన్నీ కలిసి పడి లేస్తుంటాయి. అప్పుడు కేబుల్‌ను అనుమానించే ముందు ఒక మాట గుర్తు తెచ్చుకో. ఒక ఫైబర్‌ను స్ప్లిటర్ 32 దారులుగానో ఇంకా ఎక్కువగానో చీల్చితే, కిందికి వచ్చే కాంతి అందరికీ వస్తుంది, ఎవరిది వాళ్లు ఏరుకుంటారు. పైకి పంపేటప్పుడు మాత్రం ఓఎల్‌టీ ఒక్కొక్క పెట్టెకూ వంతు ఇస్తుంది. వరద ముదిరినప్పుడు మా కంట్రోల్ స్టేషన్ చేసిందీ ఇదే: పేరు పిలిస్తేనే పలకాలి. వంతు కానప్పుడు కూడా వెలిగే చెడ్డ పెట్టె ఒక్కటి చాలు, తక్కిన పెట్టెలన్నింటి మాటా పాడవుతుంది. అందుకని ఒక్కొక్కటీ తీసి చూడాలి. తీసింది ఏదో, ఎన్నింటికి తీశావో రాసుకో. ఫోన్‌లో కాదు, పుస్తకంలో.

అడవి లోపలికి పోతే కథ వేరు. నక్సల్ ప్రభావిత ప్రాంతాల్లోని 2,343 టవర్లను 2జీ నుంచి 4జీకి మార్చడానికి కేంద్ర మంత్రివర్గం 2022 ఏప్రిల్‌లో ఆమోదం తెలిపింది. 4జీ గుర్తు పడగానే జనం సినిమా చూడొచ్చనుకుంటారు. టవర్ వెనక ఫైబర్ లేక ఉపగ్రహమే దారైతే, ఆ ఉపగ్రహం 35,786 కిలోమీటర్ల ఎత్తులో ఉంటుంది. ప్రశ్న పైకెక్కి దిగి, జవాబు పైకెక్కి దిగేసరికి అర సెకను. కాంతి వేగం అంతకంటే పెరగదు. పేరు అడగడానికి ఒక అర సెకను, టీసీపీ పలకరింపుకు ఒకటి, రహస్య సంకేతపు తాళంచెవులు మార్చుకోవడానికి ఒకటి, అసలు పేజీ అడగడానికి ఒకటి. ఒక్క అక్షరం కనపడే లోపే రెండు సెకన్లు పోతాయి. ఇది ఎవరి తప్పూ కాదని తిట్టేవాళ్లకు కూర్చోబెట్టి చెప్పు, వింటారు. చర్ల అవతలికైనా, చింతూరు దాటి కుంట వైపైనా పోతే ఫోన్‌కు ఛత్తీస్‌గఢ్ టవర్ దగ్గరపడి అటే అతుక్కుంటుంది. ఆ రాష్ట్రం టెలికాం లెక్కలో మధ్యప్రదేశ్ సర్కిల్ కిందకు వస్తుంది. "మా ఫోన్ వేరే రాష్ట్రానికి పోయింది" అని ముసలివాళ్లు కంగారుపడితే విసుక్కోకు.

సంతలో యూపీఐ గొడవలు కూడా నీ దగ్గరికే వస్తున్నాయని రాశావు ఒకసారి. డబ్బు కట్ అయింది, దుకాణదారుకు రాలేదు. పోయింది డబ్బు కాదు, చాలాసార్లు 'అందింది' అన్న జవాబు దారిలో పోతుంది. టీసీపీలో అయితే ప్రతి ముక్కకూ వరుస సంఖ్య ఉంటుంది కాబట్టి అదే ముక్క రెండుసార్లు వచ్చినా అవతలివాడు ఒకటి పారేస్తాడు. మనిషి మళ్లీ నొక్కితే మాత్రం అది కొత్త సంఖ్యతో కొత్త చెల్లింపు. మళ్లీ నొక్కొద్దని, లావాదేవీ నంబరు చూసుకోమని చెప్పు. దుకాణానికి కట్టిన సొమ్ము చేరినట్టు ఖాయం కాకపోతే ఐదు రోజుల్లోపు తిరిగి వేయాలని, ఆలస్యమైతే రోజుకు వంద రూపాయలు ఇవ్వాలని రిజర్వ్ బ్యాంక్ 2019లోనే పెట్టింది. ఈ మాట తెలిసినవాళ్లు ఆ సంతలో నువ్వు ఒక్కదానివే అయ్యుండొచ్చు.

జవాబు అడగని ప్రొటోకాల్ కూడా ఉంది కదా పెదనాన్నా అంటావు. ఉంది, యూడీపీ. వీడియో కాల్‌లో ఒక ముక్క పోతే దానికోసం ఆగితే మాట ముక్కలవుతుంది, కాబట్టి పోయింది పోనీ అని ముందుకు పోతుంది. ఇన్సాట్ ద్వారా వాతావరణం రీడింగులు పంపే పాత పరికరాలకు తిరుగు జవాబు వినే చెవే ఉండేది కాదు. అందుకని ఒకే రీడింగును ఎప్పుడంటే అప్పుడు, మళ్లీ మళ్లీ పంపేవి, ఏదో ఒకటి చేరుతుందని. అసలు కింద ఉన్న ఐపీయే ఏ హామీ ఇవ్వదు. చేరిస్తే చేరుస్తుంది, లేకపోతే లేదు. వింట్ సెర్ఫ్, బాబ్ కాన్ 1974లో ఈ పునాది రాసినప్పుడే, దారిని నమ్మొద్దు, రెండు చివర్లలో ఉన్నవాళ్లే సరిచూసుకోవాలి అని పట్టుబట్టారు. 1983 జనవరి 1న, ఇంటర్నెట్‌కు ముందుతరం నెట్‌వర్క్ అయిన అర్పానెట్ మొత్తం టీసీపీ/ఐపీకి మారింది. ఇదంతా ఒప్పుకుంటాడు పెదనాన్న. కానీ నువ్వు యూడీపీవి కావు తల్లీ, ఇంటికి పెద్దపిల్లవు.

హైదరాబాద్ నిర్ణయం నీదే, ఆ మాటే మీ అమ్మకూ చెప్పాడు పెదనాన్న. పోయేముందు ఒకటి మాత్రం కనుక్కో: అక్కడ రౌటర్ మీద చెయ్యి వేయనిస్తారా, లేక "రీస్టార్ట్ చేసి చూడండి" అని కాగితం చూసి చదవడమేనా? వేయనిస్తే పో, సంతోషంగా పో. చదవడమే అయితే, ఇక్కడ నీ చేతికొచ్చిన విద్య ఏడాదిలో మర్చిపోతావు. జీతం ఎంతో కూడా రాయి, దాచకు.

ఫైబర్ కోసినప్పుడు తుంపులను ఒక సీసాలో వేసుకుంటున్నావా? చర్మంలో దిగితే కనపడవు, తీయడం కష్టం. వెలుగు ఉన్న ఫైబర్ కొనలోకి చూడొద్దు. ఆ కాంతి కంటికి కనపడేది కాదు కాబట్టి ఏమీ లేదనుకుంటారు. కళ్లద్దాలు కంపెనీ ఇవ్వకపోతే పెదనాన్న ఇక్కడి నుంచి కొని బస్సులో పంపుతాడు. సైజు చెప్పు.

ఇట్లు
మీ పెదనాన్న