టాప్ కాలేజీ ఏది? ర్యాంకుల జాబితా చదవడం నేర్చుకుందాం



ఇంటర్ చదువుతున్న పిల్లలున్న ఇళ్లలో తరచూ వినిపించే ప్రశ్న ఒకటుంది: "అన్నిటికంటే టాప్ కాలేజీ ఏది?" వాట్సాప్‌లో ఒక జాబితా వస్తుంది, అందులో మన దేశం నుంచి ఐఐటీ బాంబే ముందుంటుంది. వారం తిరక్కుండా ఇంకో జాబితా వస్తుంది, అందులో ఐఐటీ మద్రాస్ ముందుంటుంది. రెండూ అసలైన జాబితాలే. మరి ఏది నమ్మాలి? లక్షల రూపాయల ఫీజు, పిల్లల నాలుగేళ్ల చదువు ఈ ప్రశ్నతో ముడిపడి ఉన్నాయి. అందుకే ఈ నెల పాఠం పెద్దవాళ్ల కోసం.

మార్కులు దేనికి వేశారు?

2024లో వచ్చిన రెండు జాబితాలు చూడండి. కేంద్ర ప్రభుత్వ ఎన్ఐఆర్ఎఫ్ ఓవరాల్ విభాగంలో ఐఐటీ మద్రాస్ 1, ఐఐటీ బాంబే 3, ఐఐటీ ఢిల్లీ 4. అదే ఏడాది విడుదలైన క్యూఎస్ ప్రపంచ ర్యాంకుల్లో (2025 ఎడిషన్) బాంబే 118, ఢిల్లీ 150, మద్రాస్ 227. ఆ ఏడాదిలో కాలేజీలు మారలేదు. మారింది ప్రశ్నపత్రం.

క్యూఎస్‌లో 30 శాతం మార్కులు ప్రొఫెసర్ల అభిప్రాయ సర్వేకి, 15 శాతం కంపెనీల అభిప్రాయానికి వెళ్తాయి. అంటే దాదాపు సగం మార్కులు పేరు ప్రతిష్ఠలకే. ఎన్ఐఆర్ఎఫ్‌లో అభిప్రాయానికి ఉన్నవి 10 మార్కులే. బోధన వనరులకు 30, పరిశోధనకు 30, ఉత్తీర్ణత, ఉద్యోగాల వంటి ఫలితాలకు 20, అన్ని వర్గాల విద్యార్థులకు అవకాశం ఇవ్వడానికి 10. 2003లో మొదలైన షాంఘై ర్యాంకింగ్‌లో 30 శాతం మార్కులు నోబెల్, ఫీల్డ్స్ మెడల్ వచ్చిన పూర్వ విద్యార్థులకు, అధ్యాపకులకు. క్లాసులో పాఠం ఎలా చెప్తారన్న దానికి అక్కడ విడిగా ఒక్క మార్కు కూడా లేదు.

ఒక చిన్న లెక్క

పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని ఈ లెక్క చేయండి. ఊహించుకున్న రెండు కాలేజీలు. 'అ' కాలేజీకి పరిశోధనలో 90, బోధనలో 60, ఖర్చు అందుబాటులో ఉండటంలో 40 మార్కులు. 'ఆ' కాలేజీకి వరుసగా 60, 85, 80.

పరిశోధనకు 60 శాతం, మిగతా రెండింటికి చెరో 20 శాతం వెయిటేజీ ఇస్తే 'అ'కి 74, 'ఆ'కి 69. 'అ' ఫస్ట్. పరిశోధనకు 20 శాతం, మిగతా రెండింటికి చెరో 40 శాతం ఇస్తే 'అ'కి 58, 'ఆ'కి 78. ఇప్పుడు 'ఆ' ఫస్ట్. ఒక్క మార్కు మార్చకుండానే ర్యాంకు తారుమారైంది. ఇది అర్థమైన పిల్లలు ఏ జాబితా చూసినా "వెయిటేజీ దేనికి?" అని ముందు అడుగుతారు.

పెద్ద పేరున్నా అంకెలు సరిచూడాలి

అమెరికాలో యూఎస్ న్యూస్ పత్రిక 2021లో ఇచ్చిన జాబితాలో కొలంబియా యూనివర్సిటీది 2వ స్థానం. ఆ లెక్కలు సరిగా లేవని అదే యూనివర్సిటీ గణిత ప్రొఫెసర్ మైకేల్ థాడియస్ 2022లో బయటపెట్టారు. 20 మందిలోపు విద్యార్థులున్న క్లాసులు 82.5 శాతమని అంతకుముందు చెప్పారు. తర్వాత యూనివర్సిటీయే ప్రచురించిన లెక్కల్లో అది సుమారు 57 శాతం. తర్వాతి జాబితాలో కొలంబియా 18వ స్థానానికి దిగింది. ఇప్పటికీ అది గొప్ప యూనివర్సిటీయే. అయితే, చాలా అంకెలు కాలేజీలు తామే పంపుకున్నవని మనం గుర్తుంచుకోవాలి.

'ఐవీ లీగ్' అనే మాట కూడా అలాంటిదే. అది 1954లో ఏర్పడిన ఎనిమిది యూనివర్సిటీల క్రీడా కూటమి. ఎంఐటీ, స్టాన్‌ఫర్డ్ అందులో లేవు.

పేరున్న కాలేజీ అయితే జీతం పెరుగుతుందా?

స్టేసీ డేల్, అలన్ క్రూగర్ అనే ఆర్థికవేత్తలు 2002లో ప్రచురించిన అధ్యయనం దీన్నే పరిశీలించింది. ఒకే స్థాయి కాలేజీల్లో సీటు వచ్చిన విద్యార్థుల్లో కొందరు పేరున్న దానిలో, కొందరు అంత పేరు లేని దానిలో చేరారు. తర్వాత వాళ్ల సంపాదనలో చెప్పుకోదగ్గ తేడా సగటున కనిపించలేదు. అంటే ఫలితంలో ఎక్కువ భాగం విద్యార్థి తనతో తెచ్చుకున్నదే. తక్కువ ఆదాయ కుటుంబాల పిల్లలకు మాత్రం పేరున్న కాలేజీ నిజంగా మేలు చేసింది. పరిచయాలు, దారి చూపేవాళ్లు ఇంట్లో లేనివారికి కాలేజీయే ఆ లోటు తీరుస్తుందని దీన్ని అర్థం చేసుకోవచ్చు. ఇది అమెరికా లెక్క, మన దేశానికి అచ్చంగా వర్తించకపోవచ్చు. అయినా మనం ఆలోచించాల్సిన విషయమే.

విదేశాలకు పంపాలనుకుంటే

ర్యాంకు కంటే ముందు అక్రిడిటేషన్ చూడండి. 2011లో కాలిఫోర్నియాలోని ట్రై వ్యాలీ యూనివర్సిటీ మూతపడినప్పుడు ఎక్కువగా నష్టపోయింది మన తెలుగు పిల్లలే. దానికి వీసా పత్రాలిచ్చే అనుమతి ఉంది, అక్రిడిటేషన్ లేదు. ఆ తర్వాత యూనివర్సిటీ మొత్తం ర్యాంకు బదులు మీ పిల్లలు చదవబోయే సబ్జెక్టు ర్యాంకు చూడండి. అమెరికా ప్రభుత్వ 'కాలేజ్ స్కోర్‌కార్డ్' వెబ్‌సైట్‌లో కోర్సు పూర్తిచేసే వారి శాతం, ఖర్చు ఉచితంగా చూడవచ్చు. అందులోని జీతాల లెక్క అక్కడి ప్రభుత్వ సాయం పొందిన విద్యార్థులది. మన పిల్లల వీసా పరిస్థితి వేరు కాబట్టి దాన్ని యథాతథంగా తీసుకోవద్దు.

ఈ నెల ఇంట్లో చేయాల్సిన పని

ఒక తెల్లకాగితం మీద మూడు కాలేజీల పేర్లు రాసి, ఒక్కోదాని కింద ఈ ఐదింటికి జవాబులు నింపండి.

1. కోరుకున్న బ్రాంచి దొరుకుతుందా? గత ఏడాది కౌన్సెలింగ్‌లో చివరి ర్యాంకు ఎంత?
2. ఫీజు, హాస్టల్, ప్రయాణాలు కలిపి నాలుగేళ్ల ఖర్చు ఎంత? లోన్ అయితే నెలకు కిస్తీ ఎంత?
3. ఆ విభాగంలో పర్మనెంట్ అధ్యాపకులు ఎంతమంది?
4. అందరి జీతాలనూ వరుసలో పెడితే మధ్యలో వచ్చే ప్యాకేజీ ఎంత? హోర్డింగుల మీద ఉండే గరిష్ఠ ప్యాకేజీ ఒక్కరిదే.
5. అక్కడ ఇప్పుడు చదువుతున్న విద్యార్థితో మాట్లాడారా?

వెయిటేజీలు మాత్రం మీ అబ్బాయి లేదా అమ్మాయి చేతే వేయించండి. మీరు వేసేవి పక్కన వేరే రంగు పెన్నుతో రాయండి. రెండూ ఎక్కడ కలవలేదో అక్కడే మీ ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవాలి. ఆ మాటలు కౌన్సెలింగ్ రోజు హడావుడిలో కాకుండా, ఇప్పుడే మొదలుపెట్టండి. నింపిన కాగితాన్ని వచ్చే పేరెంట్స్ మీటింగుకు తీసుకురండి, క్లాస్ టీచర్‌తో కలిసి చూద్దాం.